ఎనిమిది గంటల గోలీ

మా అత్తమ్మ ఎల్లక్క పదకొండేళ్లపాటు నాతో నేరుగా ఒక్క మాట కూడా మాట్లాడలేదు. కోపమేమీ లేదు. మొగుళ్లపల్లిలో ఆమె పెరిగిన పద్ధతి అది. అల్లుడి ముందు కూర్చోకూడదు, అల్లుడి ముఖం చూసి మాట్లాడకూడదు. నేను వెళ్లి వాకిట్లో మంచం మీద కూర్చుంటే ఆమె తలుపు వెనక నిలబడి, నెత్తిమీద కొంగు సవరించుకుని, "బిడ్డా, అల్లుణ్ని ఇంకింత కూర ఏసుకొమ్మను" అని నా భార్య రేణుకకు చెప్పేది. రేణుక దగ్గర్లో లేకపోతే గుంజకు కట్టేసిన దూడకు చెప్పేది. "అల్లుడు నీళ్లు తాగిండో లేదో ఏమో" అని ఆమె దూడను అడగడం, నేను దూడకు జవాబివ్వడం చాలాసార్లు జరిగింది.

అలాంటి మనిషి కిడ్నీ ఇప్పుడు నా పొత్తికడుపులో కుడివైపున ఉంది. తోలు కిందే, అదిమితే గట్టిగా చేతికి తగులుతుంది. మొదట్లో రోజుకు పదిసార్లు చెయ్యి పెట్టి చూసుకునేవాణ్ని. ఇప్పటికీ నమ్మకం కుదరని రోజులుంటాయి.

నాది పెద్దవంగర. పేరు రాజేందర్. మూడెకరాల్లో మిర్చి, పత్తి వేస్తాను. ముప్పై ఏడో ఏట, నాకు తెలియకుండానే బీపీ రెండు కిడ్నీలనూ తినేసింది. ఏడాదిన్నర మహబూబాబాద్‌లో వారానికి మూడుసార్లు డయాలసిస్ మీద బతికాను. నీళ్లు గ్లాసుతో కొలుచుకుని తాగాను. మూత్రం తగ్గుతూ తగ్గుతూ ఒకరోజు పూర్తిగా ఆగిపోయింది. చెప్పుకోవడానికి సిగ్గే కానీ, మూత్రం రావడం ఎంత గొప్ప సంగతో అది ఆగిపోయినవాడికే తెలుస్తుంది.

అమ్మా నాయినా లేరు. తమ్ముడి రక్తం కలవలేదు. రేణుకకు షుగర్. ఇక మనకింతే అనుకుంటుండగా మొగుళ్లపల్లి నుంచి రేణుకకు ఫోన్ వచ్చింది. "నాది పనికొస్తదేమో అడుగు బిడ్డా. నాకు బీపీ లేదు, షుగర్ లేదు. మొన్నటిదాక పత్తి మూట ఎత్తిన." నేను ఒప్పుకోలేదు. అత్తగారింటి నుంచి మోటార్‌సైకిల్ తీసుకున్న అల్లుళ్లు ఊరినిండా ఉన్నారు, కిడ్నీ తీసుకున్నవాణ్ని ఎక్కడైనా చూశావా అని రేణుక మీద అరిచాను. నా నోరు ఎప్పుడూ అంతే. రేణుక ఫోన్ పెట్టేయలేదని తర్వాత తెలిసింది. అవతల అత్తమ్మ అంతా విని, "అరిచే ఓపిక ఉన్నది గద, బతుకుతడు తియ్యి" అన్నదట.

రక్తసంబంధం కాదు కాబట్టి, ఇది కొనుగోలు వ్యవహారం కాదని తేల్చడానికి హైదరాబాద్‌లో అధికారుల కమిటీ ముందుకు వెళ్లాల్సి వచ్చింది. రుజువుగా పెళ్లి ఆల్బమ్ పట్టుకుపోయాం. అందులో అత్తమ్మ చెంబుతో నీళ్లు పోస్తుంటే మామ కనకయ్య నా కాళ్లు కడుగుతున్న ఫోటో ఉంది. ఒక అధికారి దాన్ని చాలాసేపు చూసి, "ఎందుకు ఇస్తున్నావమ్మా?" అని అడిగాడు. అత్తమ్మ గోడమీది క్యాలెండర్ వైపు తిరిగి, "రెండున్నయి సారూ, ఒకటి ఇస్తున్న. పక్కింటోళ్లు సోలెడు బియ్యం అడిగితే ఇయ్యమా?" అంది. ఇటు చూసి చెప్పమన్నాడాయన. "అల్లుడున్నడు సారూ. జర బయటికి పొమ్మనుండ్రి, చెప్త." నన్ను బయటికి పంపారు. పావుగంట తర్వాత అదే అధికారి లేచి వచ్చి ఆమె కోసం తలుపు తెరిచి పట్టుకున్నాడు. లోపల ఏం చెప్పిందో నేను ఇంతవరకు అడగలేదు.

ఆపరేషన్ అయి నాకు తెలివి వచ్చేసరికి మంచం పక్కన వేలాడుతున్న సంచిలో మూత్రం నిండుతోంది. ఎస్తేరు సిస్టర్ సంచి పైకెత్తి చూపించింది. ఆమెది జఫర్‌గఢ్, ఆ వార్డులో మా మాట మాట్లాడే నర్సు ఆమె ఒక్కతే. "చూడన్నా, రక్తనాళాలు కలిపి క్లిప్పు తియ్యంగనే తెల్లగున్న కిడ్నీ గులాబి రంగుకొచ్చిందట. బల్లమీదనే ధార మొదలైందట." నేను ఏడ్చాను, కుట్లు లాగుతున్నా ఏడ్చాను. పక్క గదిలో అత్తమ్మ తన నొప్పి సంగతి ఎత్తలేదట. సిస్టర్ కనబడగానే, "నీళ్లు పారుతున్నయా?" అని అడిగిందట. చేనుకు మోటారు వేసి ఇంటికొచ్చినవాళ్లు అడిగినట్టే అడిగిందని ఎస్తేరు సిస్టర్ నవ్వింది.

తర్వాతి రోజు సిస్టర్ ఒక చిన్న క్యాప్సూల్ నా అరచేతిలో పెట్టింది. టాక్రోలిమస్. ఆ పేరు సరిగ్గా పలకడం నాకు నెల పట్టింది.

"గిది పొద్దున ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి. బతికినన్ని రోజులు" అంది సిస్టర్. "మన పెయ్యిల, గీ ఒంట్ల, కావలోళ్లు ఉంటరన్నా. బయటి నుంచి ఏదొచ్చినా పట్టి సంపుతరు. జరం పురుగైనా అంతే, మీ అత్తమ్మ కిడ్నీ అయినా అంతే. కన్నతల్లిదైనా ఇడిసిపెట్టరు. గీ గోలీ వాళ్లను జర నిమ్మళం చేస్తది. మందు తక్కువైతె కిడ్నీ మీద పడుతరు. ఎక్కువైతె ఏ రోగమొచ్చినా లేవరు, కిడ్నీకి గూడ అది ఇసమే. నడిమధ్యల ఉండాలె. అందుకే రక్తంల మందు ఎంతున్నదో నెలనెల చూస్తం."

"దేనితోని చేస్తరు సిస్టర్ గిది?" అని అడిగాను.

"మట్టిల దొరికిందట. జపాన్ల ఒక కొండకాడి మట్టి తెచ్చి చూస్తె, అండ్ల కండ్లకు కనబడని జీవి ఒకటి గీ మందును తయారుచేస్తున్నదట."

ఆ రోజంతా నాకు ఇంకో ఆలోచన లేదు. ఇరవై ఏళ్లు మట్టి దున్నాను. దాని మీద గడ్డిమందు కొట్టాను, ఉమ్మాను, ఎండకు మండితే తిట్టాను. పిడికెడు మట్టిలో ఏముంటుందని ఒక్కనాడూ అనుకోలేదు. సముద్రాల అవతల, ఏదో కొండ దగ్గర, తన బతుకు తాను బతుకుతున్న ఒక జీవి తన కోసం ఏదో తయారుచేసుకుంటే, అది మొగుళ్లపల్లి ఆడమనిషి కిడ్నీని పెద్దవంగర మగవాడి ఒంట్లో కాపాడుతోంది. నాకు భక్తి తక్కువ. ఆ రోజు మాత్రం దండం పెట్టాలనిపించింది, ఎటు తిరిగి పెట్టాలో తెలియలేదు. అంతలో సిస్టర్ ఇంకో మాట చెప్పింది. పెంట ఎరువు, దుమ్ము, బురద దగ్గరికి చాలాకాలం పోవద్దట. మట్టిలో దొరికిన మందు మింగేవాడు మట్టికి దూరంగా ఉండాలట! కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

కావలివాళ్ల సంగతి అత్తమ్మకూ తెలిసింది. ఆమె మనసు నొచ్చుకుంది. "పదకొండేండ్లు అన్నం పెట్టిన. అల్లుని పెయ్యికి నేను పరాయిదాన్నా?" అని రేణుకను నిలదీసింది. పెయ్యికి చుట్టరికాలు తెలియవమ్మా అని రేణుక ఎంత చెప్పినా ఆమెకు పూర్తిగా మింగుడుపడలేదు. పెయ్యికి తెలియకపోతే తెలిసేదాకా చెప్పాలని ఆమె లెక్క. ఆ మందుకు 'ఎనిమిది గంటల గోలీ' అని పేరు పెట్టి, ఆ బాధ్యత తన మీద వేసుకుంది. మొగుళ్లపల్లి చేరాక గడియారం చూడడం మామ దగ్గర నేర్చుకుంది. యాభై ఆరేళ్ల వయసులో, ఎనిమిది ఒక్కటే నేర్చుకుంది. పొద్దునా రాత్రీ ఆ వేళకు రేణుకకు ఫోన్ చేసేది.

"ఏసుకున్నడా?"

"ఏసుకున్నడమ్మా."

అంతే, టక్కున పెట్టేసేది. సొంత అన్న చనిపోయిన రోజు కూడా ఏడుపు మధ్యలో ఫోన్ చేసి ఆ ఒక్క మాటే అడిగింది.

మొదటి రెండు నెలలు ఆస్పత్రి పక్క సందులో గది తీసుకుని ఉన్నాం. పరీక్ష రోజు ఏడింటికే నడిచి వెళ్లి రక్తం ఇచ్చి, గదికి వచ్చి, ఎనిమిదికి గోలీ వేసుకునేవాణ్ని. అంతా బాగుంది. మూడో నెల ఊరికి వచ్చేశాం. అక్కడి నుంచి పరీక్ష రోజు తెల్లవారుజామునే బయల్దేరి, జనగామలో రైలెక్కితే, ఎనిమిది కొట్టేసరికి ఆలేరు దాటేవాళ్లం. సరిగ్గా అప్పుడు ఫోన్ మోగేది. రేణుక సంచిలోంచి సీసా తీసేది, నేను గోలీ మింగేవాణ్ని. ఎదుటి సీటువాళ్లు చూస్తుంటే నాకు గర్వంగా కూడా ఉండేది. వార్డులో వేళ తప్పినవాళ్లకు పడే తిట్లు విన్నాను. నన్ను ఒక్కమాట అనే అవకాశం నేను ఇవ్వదలుచుకోలేదు.

ఆస్పత్రిలో రక్తం తీసేసరికి పదిన్నర. మందు ఎక్కువగా ఉందని రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ గోలీ తగ్గించింది. మరుసటి నెలా అంతే, మళ్లీ తగ్గించింది. నేను సంబరపడ్డాను. ఒళ్లు కిడ్నీని ఒప్పుకుంటోంది కాబట్టే మందు తగ్గిస్తున్నారని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను. అత్తమ్మకు చెబితే వాడకట్టంతా బెల్లం పంచింది. "ఇగ పరాయిదాన్ని గాదు" అని రేణుకతో అన్నదట.

ఇంకో మూడు వారాలకు ముఖం ఉబ్బింది. కాళ్లు బరువెక్కాయి. మూత్రం సగానికి పడిపోయింది. ఆ భయం ఎలా ఉంటుందో నాకు ముందే తెలుసు కాబట్టి రెండింతలు భయపడ్డాను. ఆస్పత్రికి వెళితే, రక్తంలోంచి కిడ్నీ వడగట్టి పంపాల్సిన క్రియాటినిన్ ఒకటి పాయింట్ రెండు ఉండాల్సింది రెండు పాయింట్ ఎనిమిదికి ఎక్కింది. సూది గుచ్చి కిడ్నీ ముక్క తీసి చూశారు. కావలివాళ్లు దాని మీద పడ్డారు. మొగుళ్లపల్లి నుంచి అత్తమ్మ, మామ బస్సు మీద బస్సు మారి సాయంత్రానికి వచ్చారు.

మర్నాడు ఉదయం ఆరింటికి ఎస్తేరు సిస్టర్ రక్తం తీసుకుపోయింది. రిపోర్టు వచ్చాక డాక్టరమ్మతో కలిసి నా గదికి వచ్చింది. రేణుక నా మంచం పక్కన ఉంది. అత్తమ్మ ఎప్పటిలాగే లోపలికి రాకుండా తలుపు అవతల బల్లమీద కూర్చుంది.

"మందు అడుగంటింది" అంది డాక్టరమ్మ. "గోలీ తగ్గించాం నిజమే, కానీ ఇంతలా పడిపోకూడదు. పోయిన రెండుసార్లు అంత ఎక్కువ ఎలా వచ్చింది? రక్తం ఇచ్చిన రోజు గోలీ ఎప్పుడు వేసుకున్నావు?"

నేను ఛాతీ విరుచుకుని చెప్పాను. "ఎనిమిదికే మేడం. రైల్ల గూడ ఏసుకున్న. ఒక్క నిమిషం అటిటు గాలె."

ఎస్తేరు సిస్టర్ నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో అన్నా! రక్తం ఇచ్చినంక గద ఏసుకోవాలె?"

"పరగడుపున రమ్మన్నరు, వచ్చిన. బుక్కెడు గూడ తినలె."

"మరి గోలీ?"

"గోలీ తిండా సిస్టర్?"

డాక్టరమ్మకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. గోలీ మింగిన రెండు మూడు గంటలదాకా రక్తంలో మందు పొంగి ఉంటుందట. కొలవాల్సింది ఆ పొంగును కాదు, పన్నెండు గంటలు గడిచాక అడుగున మిగిలిందాన్ని. మోటారు పోస్తున్నప్పుడు కాలువలో కట్టె పెట్టి కొలిచి, చేను మునుగుతోందని మోటారు బంద్ చేసుకున్నాను నేను. ముందే ఎందుకు చెప్పలేదని అరిచాను. డిశ్చార్జి రోజు చెప్పామని, కాగితంలో కూడా ఉందని సిస్టర్ మెల్లగా అంది. ఆ రోజు పాతిక జాగ్రత్తలు చెప్పారు. ఇంగ్లిష్ కాగితాన్ని మడిచి డబ్బాలో భద్రంగా పెట్టింది రేణుకే, పెట్టమన్నది నేనే.

"అమ్మ ఫోన్ చెయ్యంగనే నేనే గద ఇచ్చిన..." అని రేణుక మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది. ఇద్దరికీ ఒకేసారి తట్టింది. తన ఒంట్లోంచి తీసి ఇచ్చినదాన్ని తన ఫోనే ఇంత దూరం తెచ్చిందని తెలిస్తే ఆ మనిషి బతుకుతుందా? రేణుక చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. డాక్టరమ్మ వెళ్లాక ఇద్దరం ఒక మాట అనుకున్నాం. రేణుక బయటికి వెళ్లి, "ల్యాబుల మిషిని తప్పు చూపించిందటమ్మా" అని చెప్పింది. పాపం, ఆ మిషను ఏ తప్పూ చేయలేదు. అబద్ధం నాది. అత్తమ్మ "గట్లనా" అని ఊరుకుంది.

మూడు రోజులు పెద్ద మందు సెలైన్‌లో ఎక్కించారు. కిడ్నీ నిలబడుతుందో పోతుందో డాక్టరమ్మ చెప్పలేదు. పోతే మళ్లీ మహబూబాబాద్, మళ్లీ గ్లాసుతో నీళ్లు. నా సంగతి సరే, ఆమె కడుపు కోసుకున్నది వృథా అవుతుంది. నాకు అన్నిటికంటే అదే నరకంగా ఉంది. అత్తమ్మ ఆ మూడు రోజులూ సరిగా తినలేదట. ఎస్తేరు సిస్టర్ గదిలోంచి వచ్చినప్పుడల్లా, "పారుతున్నయా?" అని అడిగేది. సిస్టర్ వేళ్లతో చూపించేది, ఇంత అని.

నాలుగో రోజు సంచి బరువెక్కింది. క్రియాటినిన్ రెండు పాయింట్ నాలుగు, తర్వాత ఒకటి పాయింట్ తొమ్మిది, పదో రోజుకు ఒకటిన్నర. "నిలబడింది" అంది డాక్టరమ్మ. నేను చెయ్యి పెట్టి చూసుకున్నాను. వారాలపాటు నా ఒళ్లు దాన్ని కొట్టింది. దానికి నా పేరు తెలియదు, నేనెవరినో తెలియదు. అయినా దెబ్బలు తింటూనే నా రక్తాన్ని వడగట్టింది. అంత ఓర్పు ఎక్కడిదో నాకు తెలుసు, అది ఎవరిదో తెలుసు కాబట్టి.

మరుసటి నెల పరీక్షకు బయల్దేరాం. ఈసారి గోలీ నా జేబులో ఉంది, రక్తం ఇచ్చాకే నోట్లోకి వెళ్లాలి. ఫోన్ వస్తే వేసుకున్నాడని చెప్పేయమని రేణుకకు చెప్పాను. జనగామ దాటాం, ఆలేరు దాటాం. రేణుక ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంది. ఎనిమిదైంది.

ఫోన్ మోగలేదు.

ఎనిమిదీ ఐదు. ఎనిమిదీ పది. ఇన్ని నెలల్లో ఒక్క పూట తప్పలేదు. ఆమెకు మిగిలింది ఒక్క కిడ్నీ. రేణుక ఫోన్ చేస్తే మామ ఎత్తాడు. "మంచిగనే ఉన్నది. మళ్ల జేస్తం, పెట్టుండ్రి" అని పెట్టేశాడు. మామ అంత ముక్తసరిగా ఎప్పుడూ మాట్లాడడు. భువనగిరి దాటేదాకా మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

ఆస్పత్రిలో పదింటికి రక్తం తీశారు. ఎస్తేరు సిస్టర్ నా చేతిమీద దూది అదుముతూనే, రెండో చేత్తో తన ఫోన్ తీసి ఎవరికో మిస్డ్‌కాల్ ఇచ్చింది. "మీ అత్తమ్మకే. నువ్వు రక్తం ఇచ్చినంక తెలియజెయ్యమన్నది. పోయినసారి డిశ్చార్జిల నా నంబరు తీసుకున్నది" అంది. అర నిమిషంలో రేణుక ఫోన్ మోగింది. రేణుక ఎత్తి, విని, నావైపు వింతగా చూస్తూ ఫోన్ నాకిచ్చింది. "నీకేనట."

"రక్తం తీసిండ్రా?" అంది అత్తమ్మ.

మధ్యలో రేణుక లేదు, దూడ లేదు. నన్నే అడిగింది.

"తీసిండ్రు అత్తమ్మా."

"అయితె ఇప్పుడేసుకో కొడుకా."

నా చెయ్యి జేబులోకి వెళ్లి అక్కడే ఆగిపోయింది. "నీకెట్ల ఎరుక అత్తమ్మా?"

"డాక్టరమ్మ చెప్తుంటె తలుపవతలనే ఉంటి గద. మిషినిది తప్పని మీరు దాసిపెట్టిండ్రు. నా మనసు కష్టమైతదని దాసిండ్రని నాకు తెల్వదా? గందుకే నేను గూడ ఊకున్న."

పక్కన రేణుక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమెకు కూడా వినిపిస్తోంది. నేను ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను. "పొద్దున ఫోన్ జెయ్యకపోతివి. మస్తు పరేషానైనం."

"ఎట్ల జేద్దు కొడుకా? నా గొంతు ఇంటె అలవాటున ఏసుకుంటవని బుగులైంది. ఎనిమిది కాంగనే చెయ్యి దానంతటదే ఫోనుమీదికి పోతున్నది. మీ మామను నా చేతులు రెండు పట్టుకొమ్మన్న. మీరు ఫోన్ జేస్తె ఒక చెయ్యి ఇడిసి ఎత్తిండు, పెట్టేసి మళ్ల పట్టుకున్నడు. నువ్వు రక్తం ఇచ్చిందాక గట్లనే పట్టుకొని కూసున్నడు. ఇప్పుడే ఇడిసిండు. మింగు కొడుకా."